ఎండిన వాగులో చెలిమె

మే రెండో వారం. మధ్యాహ్నం పన్నెండుకు శివాలిక్ కొండల అడుగున ఉన్న ఆర్మీ పోస్టు దగ్గర మా బండి ఆగింది. పదకొండు మందిమి. ఒక్కొక్కరి వీపున ఇరవై రెండు కిలోలు. కొండలంటే చల్లగా ఉంటాయనుకునేవాళ్లను తీసుకెళ్లి అక్కడ నిలబెట్టాలి. పొద్దున నాలుగింటికి స్వెట్టర్ కావాలి. పదింటికి హెల్మెట్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మూడింటికి గాలిదుమారం, వెనకే నిమ్మకాయలంత వడగండ్లు. ఐదింటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ ఎండ.

దిగగానే సుబేదార్ సాబ్ ఆర్డర్ ఇచ్చాడు. "పన్నెండు దాటాక వాగులో ఎవరూ కాలు పెట్టొద్దు."

వాగు పోస్టు కిందే. వంద అడుగుల వెడల్పు, తెల్లటి ఇసుక, గుండ్రాళ్లు. చుక్క నీరు లేదు. నాకు నవ్వొచ్చింది. నాది సిరిసిల్ల. ఎండాకాలం మా వాగుల్లో క్రికెట్ ఆడతారు, ట్రాక్టర్లు తిరుగుతాయి. నాకా, వాగు భయం చెప్పేది అనుకున్నాను.

తొమ్మిదో రోజు వడగండ్ల వానకు రోడ్డు తెగింది. ట్యాంకర్ రాలేదు. పదకొండో రోజుకు మనిషికి అర లీటరు మిగిలింది. సుబేదార్ సాబ్ రోడ్డు సంగతి చూడటానికి వెళ్లాడు. మా మెషిన్‌గన్ సిపాయిదీ మా వైపే, రాయికల్. నన్ను అన్నా అనేవాడు. నాలుక పిడచకట్టి ఇద్దరం వాగు వైపే చూస్తున్నాం.

"చెలిమె తోడుదామారా?" అన్నాను. ఎండిన వాగు ఇసుకలో గుంట తవ్వితే నీళ్లూరతాయి. మా వైపు అదే చెలిమె.

"సుబేదార్ సాబ్ వద్దన్నడు గదనే."

"ఆయనకేం ఎరుకరా మన చెలిమెలు. దిగు. నేను జూసుకుంట."

నేను హవల్దార్ని, అతడు సిపాయి. అదే ఆర్డర్.

రెండు ఇరవైకి దిగాడు. నేను గట్టు మీద రైఫిల్‌తో కాపలా. నెత్తిమీద మబ్బు తునక లేదు. మోకాలి లోతు తవ్వాక కేకేశాడు. "ఊరుతున్నయే అన్నా. తియ్యగున్నయ్."

రెండు యాభైకి బంకర్‌లోంచి వైర్‌లెస్ ఆపరేటర్ అరిచాడు. "పై పోస్టు నుంచి కబురు. అక్కడ గంట నుంచి కుండపోత. వాగు ఖాళీ చేయమంటున్నారు."

"ఉరుకురా" అన్నాను. అప్పటికే చప్పుడు మొదలైంది. మా సిరిసిల్లలో వంద మరమగ్గాలు ఒక్కసారే ఆన్ చేసినట్టు. మలుపులో మట్టిరంగు గోడ లేచింది. అందులో చెట్లు, బండలు. గట్టుకు అతడింకా ముప్పై అడుగుల దూరం. తాడు అందుకునే వ్యవధి కూడా లేకపోయింది. మర్నాడు నాలుగు కిలోమీటర్ల కింద దొరికాడు.

ఎంక్వైరీలో నిజం చెప్పాను. శిక్ష వేశారు. చాలా చిన్న శిక్ష.

జూన్‌లో సెలవు మీద వచ్చి ముందు రాయికల్ వెళ్లాను. శవపేటికతో వచ్చినవాళ్లు ప్రమాదమని మాత్రం చెప్పి పోయారట. అతడి భార్య బీడీలు చుడుతూనే అడిగింది.

"తూటా తాకిందా అన్నా?"

"లేదు చెల్లె. వాగొచ్చింది."

"ఎండకాలంల వాగా?" అబద్ధమాడుతున్నానన్నట్టు చూసింది. "గా వాగుల ఎవలు దిగుమన్నరు ఆయన్ని?"

"ఆర్డర్ చెల్లె."

ఎవరిదని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. థూ, నా బతుకు.

ఆమెకు చెప్పనిది ఇంకొకటుంది. నేను ఉరకమన్నప్పుడు అతడు ఉరికాడు గాని, సరిగా ఉరకలేదు. చేతిలో మగ్గు ఉంది. చెలిమెలో తోడిన మొదటి నీళ్లు, నా కోసం. ఒలకకుండా రెండో అరచేయి మూతపెట్టి, చిన్న చిన్న అడుగులేస్తూ వచ్చాడు. పారబొయ్యిరా అని గొంతు చించుకున్నాను. రాయికల్ మనిషి, ఎండాకాలం నీళ్లు పారబోస్తాడా.