అన్నయ్యగారి సాక్ష్యం

పోయిన ఆదివారం మా వీధిలో గల్ఫుకి వెళ్తున్న ఒక కుర్రాడి కోసం ప్రార్థన పెట్టుకుని, పెద్దదాన్ని కదా అని నన్నూ పిలిచారు. ప్రార్థన అయ్యాక అందరూ టీలు తాగుతుంటే, అతని స్నేహితుడెవరో బ్యాంకు అప్పు సంగతేం చేశావని అడిగాడు. ఆ అబ్బాయి నవ్వేసి, “అక్కడిదాకా ఎవరొస్తార్రా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అక్కడిదాకా నేను వెళ్లాను నాయనా, అప్పు ఎగ్గొట్టిపోయిన మనిషి వెనకాల, ఆ అప్పు తీర్చడానికి, అనే మాట నోటిదాకా వచ్చింది గాని, శుభమా అని బయల్దేరుతున్న పిల్లాడి ముందు ముసలి నోరు పారేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను. నా ఈడువాళ్లయితే వింటారు కదా అని ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను.

మలికిపురం దగ్గర పల్లెలో మాకు పాతిక సెంట్ల కొబ్బరి దొడ్డి, అందులో రెండు గదుల పెంకుటిల్లు ఉండేవి. వినడానికి ఎంత చిన్న ఆస్తి! కానీ మా మావగారు జీవితమంతా ఒకరి గుమ్మంలో పాలేరుగా ఉండి కొన్న దొడ్డి అది, మా వంశంలో సొంత దస్తావేజు మీద వేలిముద్ర వేసిన మొదటి మనిషి ఆయన. మావారు కొబ్బరి కొట్టులో గుమాస్తా. జీతం అంతంతమాత్రమే అయినా అద్దె లేని ఇల్లు, కూరలోకి కొబ్బరికాయ, ఒక్కగానొక్క ఆడపిల్ల, ఇంకేం కావాలి అనుకునే రోజులవి.

మా ఆడపడుచు భర్తని నేను అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. మాటకారి, పదిమందికి పెట్టే చెయ్యి, చెడ్డవాడని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఐ.పోలవరం వైపు చెరువులు కౌలుకి తీసుకుని రొయ్యలు వేస్తే మొదటి పంటకే డబ్బు కళ్లజూశాడు. బుల్లెట్టు బండి కొన్నాడు, మా ఆడపడుచుకి గాజులు చేయించాడు, మా అమ్మాయికి వెండి పట్టీలు తెచ్చాడు. ఆశకి అంతెక్కడ ఉంటుంది? రెండు బ్యాంకుల్లో అప్పు తెచ్చి చెరువులు పెంచాడు. ఒక బ్యాంకువాళ్లు హామీ అడిగితే మావారు మా దొడ్డి దస్తావేజు తీసుకెళ్లి పెట్టేశారు, నాతో మాటవరసకైనా అనలేదు. అంటే వద్దంటానని ఆయనకి తెలుసు, బావ అడిగాక కాదనడం మా ఇళ్లలో ముఖాన తలుపు వేసినంత తప్పు.

ఆ వెంటనే చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలింది. చచ్చిన రొయ్యలు గట్ల వెంట కుప్పలు పడి, ఆ వాసన అన్నయ్యగారి బట్టల్లోంచి మా ఇంట్లోకీ వచ్చేది. మరుసటి పంటా అంతే అయింది. ఒకరోజు మా ఆడపడుచు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. ద్రాక్షారామంలో పనుందని చెప్పి వెళ్లిన మనిషి కువైట్‌లో దిగి ఫోన్ చేశాడట. నెల తిరక్కుండా బ్యాంకు జీపు మా గుమ్మం ముందు ఆగింది. గోడకి నోటీసు అంటించి, ఇల్లు వేలం వేస్తామని వీధంతా వినబడేలా చెప్పి వెళ్లారు. మావారు అన్నం తినడం తగ్గించేశారు, నా ముఖం చూడడం మానేశారు. తిట్టాలని ఉండేది నాకు, ఆ వంచిన తల చూసి ఇంకో గరిటె అన్నం వడ్డించేదాన్ని.

మేనేజరుగారి కాళ్లావేళ్లా పడితే వాయిదాల మీద కట్టడానికి ఒప్పుకున్నారు. ఏం పెట్టి కట్టాలి? మగవాళ్లు గల్ఫుకి వెళ్లాలంటే ఏజెంటుకి ఎదురు డబ్బు పొయ్యాలి, ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకి ఆ బాధ లేదు. అప్పటికి మా చుట్టుపక్కల పేటల్లోంచి ఎంతమంది ఆడవాళ్లు వెళ్లలేదు! అందుకని నేను కువైట్ వెళ్లాను. ఇంకా బడిలో వెయ్యని పిల్లని మా ఆడపడుచు ఒళ్లో పెడితే, “నా కూతురనుకుని చూసుకుంటాను వదినా” అని ఏడ్చింది. అలాగే చూసుకుంది కూడా.

అక్కడ ఎండ, చాకిరీ, ఎవరి ఎంగిలి కంచాలు ఎన్ని కడిగానో అవన్నీ ఏకరువు పెట్టను, వెళ్లొచ్చినవాళ్లకి తెలుసు. నేను పనిచేసే ఇంటి దొరసాని మరీ కఠినురాలు కాదు, శుక్రవారం పూట తెలుగువాళ్ల ప్రార్థన కూడికకి పంపేది. ఆ హాల్లో కూర్చుంటే రాజోలు సంతలో కూర్చున్నట్టే, సగంమంది మన వైపువాళ్లే. ఒక శుక్రవారం పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యం చెబుతారా, దేవుడు తమకి చేసిన మేలు పదిమందిలో చెప్పుకుంటారా అంటే, మగవాళ్ల వైపు చివరి వరసలోంచి ఒకతను లేచాడు. నేను తల వంచుకునే వింటున్నాను.

“అప్పుల్లో పీకల్దాకా మునిగిపోయేనండి. ఉరేసుకుందావనుకున్నానండి. ఇశ్రాయేలీయుల్ని ఎర్రసముద్రం దాటించినట్టు దేవుడు నన్ను సముద్రం దాటించేడండి. ఇప్పుడు నా యెనకాల ఎవళ్లూ లేరండి.”

హాలంతా స్తోత్రం అంది. అలవాటుకొద్దీ నేనూ స్తోత్రం అన్నాను. అనేసి తలెత్తి చూస్తే, అన్నయ్యగారు. ఆ మాట నా నోటితో అన్నందుకు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బయట భోజనాల దగ్గర ఎదురుపడ్డాను. మనిషి ముఖం నిజంగానే వెలిగింది, అయినవాళ్లని చూస్తే వెలిగినట్టే.

“చెల్లెమ్మా! నువ్వెప్పుడొచ్చేవమ్మా? బావ కులాసాగా ఉన్నాడా?”

“మీ అప్పు కట్టడానికే వచ్చేనండి, అన్నయ్యగారూ.”

చేతిలో పళ్లెం పక్కన పెట్టేశాడు. ఇంటి కాయితాలు ఊరికే పెట్టుకుంటారు, వాటి జోలికి రారు అనుకున్నానమ్మా అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడేమో కూడా. కళ్లనీళ్లు పెట్టుకుని, నెలనెలా సగం నేనిస్తానని ఒట్టు వేశాడు. తరవాతి వారం పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు, అన్నయ్యగారు వెనక కూర్చుని ఉన్నాడు. ఒక్కమాట అంటే చాలు, మనిషి ఆ హాల్లో తలెత్తుకోలేడు. కానీ ఆ కబురు నాకంటే ముందు ఊరు చేరుతుంది, ఆ మొగుడి పరువు పోతే తల వంచుకోవాల్సిన ఆడదే అక్కడ నా బిడ్డకి అన్నం పెడుతోంది. మా ఇంటి భారం తీరాలని ప్రార్థించండి అని మాత్రం చెప్పి కూర్చున్నాను. అతను ఒక నెల డబ్బిచ్చాడు, రెండో నెలా ఇచ్చాడు, ఆ తరవాత ఆ కూడికకి రావడం మానేశాడు. మస్కట్ వెళ్లిపోయాడని ఎవరో అన్నారు. ఈసారి బ్యాంకుకి కాదు, నాకు చెప్పకుండా వెళ్లాడు.

రెండేళ్లనుకుని వెళ్లినదాన్ని, వడ్డీ మీద వడ్డీ పడి, అమ్మాయి పెద్దమనిషయ్యాక గాని దస్తావేజు చేతికి రాలేదు. ఆ దస్తావేజు కళ్లజూసేందుకు మావారు లేరు, అంతకు ముందు వర్షాకాలంలోనే పోయారు. ఆ వార్త విన్నరోజు నేను దొరసాని చుట్టాలకి వంట చేస్తున్నాను. సెలవు దొరకలేదు, ఏడవడానికి స్నానాల గదిలోకి వెళ్లాల్సొచ్చింది.

నేను తిరిగొచ్చిన కొద్దికాలానికి అన్నయ్యగారూ వచ్చాడు. ఆ రెండో బ్యాంకుతో ఎలాగో రాజీ చేసుకున్నాడట, మా బ్యాంకుది నేను తీర్చేశాను, ఇంక భయమేముంది! ఊళ్లో కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ భోజనాలు పెట్టించాడు. ఆడపడుచు ముఖం చూసి నేనూ వెళ్లాను, వడ్డించాను కూడా. నన్ను చూసి అతను తలొంచుకున్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఈ కాలంలో పిల్లలకి బావ దస్తావేజు అక్కర్లేదు, ఫోనులో నాలుగు మీటలు నొక్కితే అప్పు పుడుతుంది. ఎగ్గొట్టి విమానం ఎక్కితే ఎవరి ముఖమూ గుర్తుకు రానక్కర్లేదు. మా రోజుల్లో సంతకం పెట్టినవాడి ఇల్లూ వాకిలీ, పెళ్లాం పిల్లా అందరికీ తెలిసేవి, తెలిసీ వెళ్లినవాళ్లు వెళ్లారనుకోండి. ఏది మేలో నేను చెప్పలేను.

ఇల్లు మాత్రం దక్కింది. మా అమ్మాయి కాకినాడలో నర్సు, పండగకీ పబ్బానికీ పిల్లల్తో వస్తుంది, నాకు మందులు తెస్తుంది, కాళ్లు నొప్పెడుతున్నాయా అని అడుగుతుంది. పక్కవీధిలో ఉన్న మేనత్త దగ్గరికి వెళ్తే మాత్రం కూర బాగోలేదని అలుగుతుంది, ఫోను చెయ్యలేదని దెబ్బలాడుతుంది, ఆవిడ తిరిగి తిడితే ఆవిడ ఒళ్లోనే తలపెట్టి పడుకుంటుంది. నాతో ఇన్నేళ్లలో ఒక్కసారైనా పోట్లాడలేదు.