బాలమల్లు గీసిన గీత

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రేకుల షెడ్డు కింద తలుపులు, వాటి చౌకట్లు చేసే వడ్రంగి దుకాణం బాలమల్లు, అంజన్ ఇద్దరిదీ. బాలమల్లు చెక్క మీద గీత గీస్తాడు, అంజన్ కోస్తాడు. మొదటి నుంచీ అదే పద్ధతి.

బాలమల్లు పెళ్లయిన కొత్తలో భార్య కిష్టవ్వతో మెదక్ వైపు నుంచి పట్నం వచ్చాడు. ఆబిడ్స్‌లో పనిముట్లమ్మే దుకాణంలో ఒకనాడు కాంబినేషన్ స్క్వేర్ చూశాడు. ఉక్కు స్కేలు, దాని మీద అటూ ఇటూ జరిగే ఇనుప దిమ్మ, దిమ్మను బిగించే చిన్న మర. నిలువు గీతకైనా, ఏటవాలు గీతకైనా అదొక్కటే చాలు. కొనేదాకా ఆయన మనసు నిలవలేదు. పేరు నోరు తిరగక, మామూలు మూలమట్టాన్ని అన్నట్టే గునియా అని పిలిచేవాడు.

కొలత పెట్టి మర బిగించి, దిమ్మను చెక్క అంచుకు ఆనించి, స్కేలు కొసకు పెన్సిల్ పెట్టి ఒక్క లాగుడు లాగేవాడు. చెక్క పొడవునా సన్నటి గీత పడేది. కోసి పారేయాల్సిన వైపు చిన్న ఇంటూ గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు చూసి అంజన్ రంపం ఆనించేవాడు. మళ్లీ కొలిచి చూసుకోవాలని అంజన్‌కు ఎన్నడూ తోచలేదు.

పోయిన ఎండాకాలం ఒక చెక్క మీద గీతకు రెండు వైపులా ఇంటూ గుర్తులు కనిపించాయి.

“అన్నా, ఇటు కొయ్యాల్నా, అటు కొయ్యాల్నా?”

బాలమల్లు చెక్కను తిప్పి తిప్పి చూశాడు. “ఏంది గిది... జర పరాకైంది తమ్మీ” అని ఒక గుర్తు చెరిపేశాడు.

తర్వాత ఒకే చోట రెండేసి గీతలు పడసాగాయి. మర బిగించి, ఏ కొలతకు బిగించాడో మరిచిపోయి, దాంతోనే పక్క చెక్క కూడా గీసేసేవాడు. బాలమల్లు చాయ్‌కి పోయినప్పుడు అంజన్ ఆ గీతలన్నీ గబగబా కొలిచి సరిచేసేవాడు. దొంగపని చేస్తున్నట్టు మధ్యమధ్య గల్లీ వైపు చూసుకునేవాడు. ఎలా అడగాలి? ఏమని అడగాలి?

లక్డీకాపూల్‌లో ఒక లాడ్జికి తలుపులు చేసేటప్పుడు మాత్రం కొలిచే సందు దొరకలేదు. బయట ఆటో ట్రాలీ నిలబడి ఉంది, బాలమల్లు ఎదురుగా ఉన్నాడు. గీత మీదే కోశాడు. బిగిస్తే అడ్డచెక్కలన్నీ పొట్టివి. ఏ తలుపూ మూల కలవలేదు.

బాలమల్లు ఒక చెక్క అందుకుని గీత మీద వేలు పెట్టాడు. మొహం ఎర్రబడింది.

“గిది ఎవడు గీసిండు? గునియా పట్టుడు రానోడు చెక్క ముట్టద్దు!”

పెన్సిల్ ఆయన చెవి మీదే ఉంది. అంజన్ దాన్నీ చూశాడు, ఆయన్నీ చూశాడు.

“నేనే గీసిన అన్నా.”

“నువ్వా? ఇన్నేండ్లు నా పక్కన ఉండి ఏం నేర్చుకున్నవ్ రా?”

అంజన్ తల దించుకుని తలుపులు విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రం గౌలిగూడలో బాలమల్లు వాళ్లు కిరాయికుండే గదికి పోయి, ఆయన వినకుండా కిష్టవ్వకు సంగతి చెప్పాడు. కిష్టవ్వ ఆశ్చర్యపోలేదు.

“ఇంట్ల గూడ గట్లనే ఉన్నది అంజన్. తిని చెయ్యి కడిగి, అన్నం పెట్టవా అంటడు. నీకు తెలుస్తే పనిల నుంచి తీసేస్తవని భయపడ్డ.”

“నేను తీసుడేంది వదినా? దుకాణం ఆయనది కాదా?”

ఇద్దరూ ఆయన్ని దవాఖానకు తీసుకుపోయారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కిష్టవ్వను పక్కన కూర్చోబెట్టుకుంది. “ఇది మతిమరుపు జబ్బు, నయమయ్యేది కాదమ్మా. గోలీలతోని పెరుగుడు జర నెమ్మదైతది, గంతే.”

అప్పటి నుంచి అంజన్ పనికిరాని ముక్కలు ఏరి బాలమల్లు ముందు పెట్టేవాడు. ఆయన పొద్దుగూకేదాకా శ్రద్ధగా గీసేవాడు. అంజన్ కొన్నిటిని కోసేవాడు కూడా, ఆయన చూస్తుంటాడని.

ఒక పూట బాలమల్లు మర వదులు చేయబోయి ఎదురు వైపు తిప్పాడు. మరింత బిగిసింది. బలమంతా పెట్టాడు. వేళ్లు ఎర్రగా కందాయి.

“గిటియ్యి అన్నా, నేను తీస్త.”

ఆయన గునియాను రెండు చేతులా గుండెకు అదుముకుని గోడ వైపు తిరిగాడు. “వద్దు. పాడు చేస్తవ్” అంటూ ఏడ్చాడు. పక్క దుకాణాల వాళ్లు తొంగిచూస్తుంటే అంజన్ షట్టర్ సగం దించి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

వానాకాలంలో ఒకరోజు దుకాణం నుంచి లేచి ఎటో పోయాడు. మధ్యాహ్నమంతా వెతికితే ఆబిడ్స్‌లో ఒక బట్టల షాపు మెట్ల మీద తడిసి కూర్చుని దొరికాడు. షాపు వాళ్లు ఎక్కడికి పోవాలని అడిగితే మెదక్ వైపు తన సొంత ఊరి పేరు చెప్పాడట. మరునాటి నుంచి కిష్టవ్వ ఆయన్ని పంపలేదు. తాను ఒక హాస్టల్లో చేసే వంటపని మానేసి ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు గీసేదీ కోసేదీ అంజనే. పెద్ద పనులు ఒప్పుకోవడం లేదు. వారంలో ఒకసారైనా గౌలిగూడ పోయి వస్తాడు. మొన్న పోయినప్పుడు బాలమల్లు మంచం మీద సర్దుకుని కూర్చుని, కొత్త మనిషికి చూపే మర్యాదతో చోటిచ్చాడు.

“కూసోండి సారూ. మీరు ఏం పని చేస్తరు?”

అంజన్ మంచం అంచున కూర్చున్నాడు. “వడ్లపని. తలుపులు, చౌకట్లు చేస్త.”

“మంచిది” అన్నాడు బాలమల్లు. తర్వాత కిటికీలోంచి బస్సుల వైపు చూడసాగాడు. కిష్టవ్వ చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. అంజన్ తాగలేక తాగి, ఇంకాసేపు కూర్చున్నాడు.