సౌండ్ డిపార్ట్‌మెంటు చాయ్

ముక్కూ నోరూ గుడ్డతో కట్టేసుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టుకుని తిరిగిన రోజులవి. అప్పుడు అందరి కళ్ళలోనూ భయం ఉండేదంటారు. నా కళ్ళలో మాత్రం అనుమానం ఉండేది. అదేమీ పుట్టుకతో వచ్చింది కాదు. సూరత్‌లో, ఉధ్నా దగ్గర ఒక స్కూల్లో కొత్తగా టీచరుగా చేరి, పిల్లల ముఖాలు నేరుగా ఒక్కసారైనా చూడకుండానే ఫోన్లో పాఠాలు మొదలుపెట్టినదాన్ని. పదో తరగతిలో ఒక కుర్రాడు రెండు వారాలపాటు నేను చెప్పే ప్రతి మాటకీ బుద్ధిగా తలూపుతుంటే, ఎంత శ్రద్ధో అని రైల్వేలో పనిచేసే మా నాన్నకి కూడా చెప్పి మురిసిపోయాను. ఆనక తెలిసింది, వాడు తాను తలూపుతున్న వీడియో ఒకటి తీసి, దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ హాయిగా నిద్రపోతున్నాడని. ("అర్థం కాలేదా?" అని అడిగినా అలాగే తలూపినప్పుడైనా నాకు వెలగాల్సింది.) ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా దీని వెనక ఏదో ఉందనుకోవడం నాకు అలవాటైపోయింది. పాలవాడు ఇవాళ పాలు చిక్కగా ఉన్నాయంటే, నిన్నటి పాల సంగతి ఆరా తీసేదాన్ని.

ఆ ఏడు పరీక్షలు రద్దయ్యాయి. మార్కులన్నీ స్కూలే వెయ్యాలి గనక, తలుపులు సగం తెరవగానే మా ప్రిన్సిపాల్ ఒక ఆలోచన చేశారు. (ఆవిడని అందరూ పెద్దబెన్ అనేవాళ్ళు. బెన్ అంటే అక్క. ఆవిడలో అక్కతనం నాకెన్నడూ కనబడలేదు.) పదో తరగతి పిల్లలంతా కలిసి పది నిమిషాల సినిమా ఒకటి తియ్యాలి. డైరెక్షను, కెమెరా, సౌండు, క్లాపు, ఇలా తలా ఒక పని. ఎవరి పనికి వాళ్ళకి పాతిక మార్కులు. దగ్గరుండి చూసి మార్కులు వెయ్యాల్సింది నేను. "మఫత్‌మా మార్క్స్ నై ఆపవానా, హా!" అని వేలు చూపించారు పెద్దబెన్. ఊరికే మార్కులు పంచితే ఊరుకోనని దాని అర్థం. ఆ మాట నాతో చెప్పక్కర్లేదు.

సౌండు పని ఒక తెలుగు పిల్లకి పడింది. వాళ్ళ నాన్న పక్కనే బమ్రోలిలో కరెంటు మగ్గం నడిపేవాడు, కరీంనగర్ వైపు వాళ్ళు. ఆన్‌లైన్ క్లాసుల్లో ఏడాదంతా ఒక్కసారైనా మైకు తియ్యలేదు గనక క్లాసంతా ఆమెని మ్యూట్ అని పిలిచేది. నోరు విప్పని పిల్లకి సౌండు డిపార్ట్‌మెంటేమిటని నాకు మొదటి అనుమానం. పని పంచిన రోజే వచ్చి నిలబడింది. "మేడం, జర మంచిగ జూడుండ్రి. గీ మార్కులు పడకపోతే నేను పాస్ గాను. ఫెయిలైతె ఇంట్ల కూసోని చీరలకు లేసు కుట్టుమన్నడు మా బాపు" అంది. జాలి పుట్టించి మార్కులు కొట్టెయ్యడానికే ఈ ముందస్తు ఏర్పాటని నాకు రెండో అనుమానం.

షూటింగు స్కూలు డాబా మీద, రోజూ సాయంత్రం నాలుగింటికి. తలుపు అవతల జబ్బుపడ్డ అమ్మ, ఇవతల కూతురు, ఇద్దరూ నెమ్మదిగా మాట్లాడుకోవడం కథ. డైరెక్టరు కుర్రాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, గొంతు చించుకుని, కనబడిన ప్రతివాణ్ణీ పక్కకి జరగమనేవాడు. (జరిగినవాణ్ణి మళ్ళీ మొదటి చోటికే రమ్మనేవాడు.) వాడికి ఇరవై రెండు మార్కులు వేశాను. చీరల అట్టపెట్టె కత్తిరించి క్లాపుబోర్డు చేసిన పిల్లకి ఇరవై. నేను కాగితం పట్టుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను గదా, మ్యూట్ మాత్రం నాలుగింటికి కాస్త ముందు మైకుని క్లాపు పిల్ల చేతిలో పెట్టి మాయమైపోయేది. షాట్లన్నీ అయిపోయాక చెమటలు కక్కుకుంటూ వచ్చేది. మొదటి రోజు చూశాను. రెండో రోజు చూశాను. మూడో రోజు దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుని వెంటబడ్డాను.

స్కూలు వెనక సందులో వరసగా మూడు మగ్గాల కార్ఖానాలు. నేను ఒక టెంపో చాటున నక్కాను. మ్యూట్ చేతిలో ఇంత పెద్ద చాయ్ కెటిల్! అరుగు మీద మగ్గం పనివాళ్ళు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని కూర్చున్నారు. ఆ పిల్ల కప్పుల్లో చాయ్ పోస్తోంది, వాళ్ళతో నవ్వుతోంది, గళ్ళలుంగీ పెద్దాయన ఒకాయన చాయ్ జుర్రుకునే చప్పుడు సందు ఇవతలికి, నా చెవికి స్పష్టంగా వినబడుతోంది. అక్కడ సినిమా నడుస్తుంటే ఇక్కడ చాయ్ పార్టీ! పెద్ద దొంగని పట్టుకున్న పోలీసులా గుండె ఉప్పొంగి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను.

మర్నాడు నిలదీశాను. "నీ పనేమిటి?"

"సౌండు, మేడం."

"చాయ్‌కీ సౌండుకీ ఏమిటి సంబంధం?"

"సినిమా ఇనుండ్రి మేడం, మీకే ఎరుకైతది."

ఎంత పొగరు! సినిమా పూర్తయ్యాక మార్కుల కాగితంలో 'చేసిన పని' అన్నచోట తనే హిందీలో, మూడు కార్ఖానాలకు చాయ్ పోశాను అని రాసింది. నేరం ఒప్పుకున్నాక ఇంక నాకేం పని? నాలుగు మార్కులు వేసి, కాగితాలన్నీ పెద్దబెన్‌కి ఇచ్చేశాను. ఆ నాలుగూ నిజం చెప్పినందుకు. ఇంటికొచ్చి సినిమాని చుట్టాలందరికీ పంపించుకున్నాను, మా పిల్లలు తీశారని.

ఇక్కడ కాకినాడ పిన్ని గురించి చెప్పాలి. ఆవిడ ఎప్పుడు ఫోను చేసినా మొదటి మాట, "ఏమిటే ఆ రొద, రైలింజను పక్కన కూర్చున్నావా?" అని. "ఏ రొద పిన్నీ?" అంటాను నేను. పుట్టినప్పటి నుంచీ ఉధ్నా మగ్గాల మధ్య పెరిగినదాన్ని, నాకు రొదేమిటి? ఆ రోజు పిన్ని సినిమా చూసి ఫోను చేసింది. "ఆ తల్లీకూతుళ్ళ గుసగుసలకి నాకు ఏడుపొచ్చిందే. అవునూ, ఏ ఊళ్ళో తీశారు? మీ ఊళ్ళో అయితే కాదు. ఆ రొద లేదుగా!" అంది.

ఫోను అక్కడే పెట్టి సినిమా మళ్ళీ చూశాను. చూడటం కాదు, ఆ పిల్ల చెప్పినట్టు మొదటిసారి విన్నాను. డాబా మీద గాలి వినబడింది. కూతురు ముక్కు ఎగబీల్చడం వినబడింది. మగ్గం లేదు. కిటికీ దగ్గరకెళ్ళి చెవి రిక్కిస్తే, బయట ఖటాఖట ఖటాఖటమని ఊరంతా మగ్గాలే. సందు ఇవతలికి చాయ్ జుర్రుకునే చప్పుడు వినబడిందంటే అప్పుడు మగ్గాలు ఆగి ఉండాలి కదా! ఎదురుగా నిలబడి కూడా నాకు తట్టలేదు.

మర్నాడు ఆ సందుకే పోయి గళ్ళలుంగీ పెద్దాయన్ని అడిగాను. "ఏంజెప్పాలె మేడం, మేము మూడు కార్ఖానలోళ్ళం మూడు టైములకు చాయ్ తాగుతుంటిమి. గీ పొల్ల వచ్చి బతిమిలాడింది, నాలుగింటికి అందరు ఒక్కపారి తాగుండ్రి, చాయ్ నేనే మోసుకొస్త అని. తాగుడు అయినంక గూడ జరసేపు ఆగుండ్రని ముచ్చట్లు చెప్తుండె" అన్నాడు. తర్వాత నా వైపు తేరిపార చూసి, "గా దినం టెంపో ఎన్క నిలబడ్డది మీరే గద? పొల్ల మిమ్ములను జూసింది. మా మేడం వచ్చిందని మీకు గూడ ఒక కప్పు పోసింది. గంతల్నే మీరు ఉరికిండ్రు" అన్నాడు. ఆ మాస్కు ఉండబట్టి నా ముఖం దక్కింది.

అక్కడి నుంచి పెద్దబెన్ దగ్గరికి పరిగెత్తాను. మార్కులు మార్చాలని అడిగితే ఆవిడ కళ్ళు చిన్నవి చేసుకుని నా వంకే చూశారు. ఏడాదంతా నేను అందరినీ చూసిన చూపది. "నిన్న నా కళ్ళతో చూశానన్నావు. ఇవాళ ఎవరైనా వచ్చి బతిమాలారా?" అని హిందీలో అడిగారు. నేను కిటికీ తెరిచి వినమన్నాను. "శేనో అవాజ్?" అన్నారావిడ. ఏ చప్పుడూ అని! ఆవిడా ఈ ఊరిదే మరి. సినిమా పెట్టి, ఆపి, కిటికీ చూపించి, మళ్ళీ సినిమా పెట్టి, ఇలా ఐదారుసార్లు చేశాను. చివరికి చాలించమని ఊపుతున్న ఆవిడ చెయ్యి, ఆ ఖటాఖట చెవిన పడి, గాల్లోనే ఆగిపోయింది. తర్వాత ఎర్రపెన్ను తీసి నా నాలుగుకి ముందు రెండు చేర్చి సంతకం పెట్టారు. "డైరెక్టరుకి ఇరవై రెండెందుకు?" అని మాత్రం అడిగారు. నేను కాగితం అందుకుని బయటపడ్డాను.

మ్యూట్‌కి సంగతి చెప్పి, తప్పు నాదేనమ్మా అన్నాను. సంతోషంతో గెంతుతుందనుకున్నాను. నేల చూస్తూ నిలబడింది. ఏడాదంతా మైకెందుకు తియ్యలేదని అప్పుడడిగాను. "మా ఇల్లు కార్ఖానా మీదనే మేడం. ఒక్కపారి తీసిన. ఎవర్దా లొల్లి, బంద్ చెయ్యుమని మీరే అన్నరు గద" అంది, ఏ కోపమూ లేకుండా. నాకు గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పిల్ల పదకొండులో చేరింది. నాకు పెళ్ళయి తాపీ నది దాటి అమ్రోలి వచ్చేశాను. ఇక్కడ మా ఇంటి దగ్గర మగ్గాల్లేవు, నా మాట ఇప్పుడు బాగా వినబడుతోందంటుంది పిన్ని. అనుమానం పూర్తిగా పోలేదు, పాలవాణ్ణడగండి, చెబుతాడు. కానీ క్లాసులో ఎవరైనా మౌనంగా కూర్చుంటే, వాళ్ళింటి చుట్టూ ఏమేం చప్పుళ్ళుంటాయో ముందు అడుగుతాను. సాయంత్రం నాలుగింటికి చాయ్ పెట్టుకున్నప్పుడల్లా, టెంపో చాటు నుంచి ఉరికిన ఆ ఇరవై నాలుగేళ్ళ టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంకొక్క నిమిషం అక్కడే నిలబడి ఉంటే, ఆ చాయ్ తాగేదాన్ని కదా అనిపిస్తుంది.