గున్నయ్య ఎడంచెయ్యి

2022 ఎండాకాలం. పలాసలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న డయాలసిస్ యూనిట్‌లో మంచాలు ఏనాడూ ఖాళీగా ఉండవు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉందంటే వెతుక్కోవాల్సిందే. బయటివాళ్లు కారణమేంటని అడుగుతుంటారు. ఏం చెప్పను, నాకూ తెలియదు.

అప్పుడొచ్చాడు సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి నుంచి గున్నయ్య, భార్య పోలమ్మను తోడు తీసుకుని. పడవలకు రంగులేసి, ముందుభాగాన పేర్లూ చేపలూ తామరపూలూ రాసే మనిషి. ఆ ఊరి పడవలు చాలావరకు ఆయన చేతి రాతతోనే సముద్రంలోకి దిగేవని పోలమ్మ గొప్పగా చెప్పుకునేది.

డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా చేస్తారు. అంటే ధమనినీ సిరనూ కలిపి కుడతారు. సిర ఉబ్బితే సూదులు గుచ్చడానికి వీలవుతుంది. మామూలుగా పనికి అంతగా వాడని చేతికే చేస్తారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఏ చేత్తో తింటావని అడిగారట. కుడిచేత్తో అన్నాడు. అబద్ధమేం కాదు. చిన్నప్పుడు కంచంలో ఎడంచెయ్యి పెడితే వాళ్లమ్మ గరిటెతో కొట్టి మాన్పించింది. కుంచె పట్టేది మాత్రం ఎడంచేత్తోనే. అది వాళ్లు అడగలేదు, ఆయన చెప్పలేదు. డాక్టరు అడిగినదానికి మించి నోరు విప్పడం మా వైపు జనానికి అలవాటు లేదు. ఫిస్టులా ఎడంచేతికి పడింది.

కొందరికి రక్తం అటు మళ్లిపోయి వేళ్లకు చాలదు. దాన్ని స్టీల్ సిండ్రోమ్ అంటారు, వేళ్ల రక్తాన్ని దొంగిలించడమని. గున్నయ్య వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కాయి. కుంచె పడితే జారిపోయేది. సరిచేయిద్దామంటే, ఆయన గుండె ఇంకో ఆపరేషన్‌ను తట్టుకోదన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు సూదులు తీస్తుంటే మెల్లగా అన్నాడు, "సిస్టరమ్మా, నాను ఇంక రాను. సచ్చినోడి రగతం కడిగితే ఏటి నాభం?"

రాకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. బతిమాలడం నాకు చేతకాదు. తిట్టాను. వచ్చేసారి రాకపోతే అక్కుపల్లి వచ్చి మరీ లాక్కొస్తానన్నాను.

వచ్చాడు. డయాలసిస్ జరిగినంతసేపూ ఎడంచెయ్యి కదపకూడదు. నేను గ్లౌజుల అట్టపెట్టె చింపి ఇచ్చి, కుడిచేతిలో మార్కర్ పెట్టాను. ఒక చేప గీసి అట్ట విసిరేశాడు. అది తన చెయ్యి కాదన్నాడు. ఆ చేప నిజంగానే గుమ్మడికాయలా ఉంది. ఆ మాటే పైకి అనేశాను. నవ్వాడు. అట్ట మళ్లీ ఇమ్మన్నాడు.

కళ్లు మూసుకున్నా ఎడంచేతికి చేప వచ్చేది. కుడిచేతికి ఏదీ రాదు కాబట్టి ప్రతి గీతకూ తలెత్తి చూడాల్సి వచ్చింది. అలా చేపలు మానేసి ఎదురుగా ఉన్న మనుషులను గీయడం మొదలుపెట్టాడు. పక్క మంచం మీది కోటబొమ్మాళి మాస్టారిని గీశాడు, నన్ను గీశాడు. ఒకసారి స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న పోలమ్మను గీసి, ఆ అట్ట నా వైపు తిప్పాడు.

"ఇన్నేళ్లు పక్కనే ఉన్నాది. దీని మొకం నానెప్పుడూ సూడనేదమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా మానలేదు. జబ్బు తగ్గి కాదు, ఈ జబ్బు తగ్గేది కాదు. బొమ్మ సగంలో ఉండిపోయిందని వచ్చేవాడు.

మరుసటి ఏడు వానల్లో ఇంట్లోనే గుండె ఆగిపోయింది. కర్మలయ్యాక పోలమ్మ అట్టలన్నీ సంచిలో పెట్టుకుని యూనిట్‌కు వచ్చింది.

"అందరి మొకాలూ ఏసినాడు. ఆడి మొకం ఏసుకోనేదమ్మా. ఇదొక్కటే ఏసుకున్నాడు," అని అడుగున ఉన్న అట్ట తీసింది.

ఎడంచెయ్యి. ఉబ్బిన సిర, సూదుల మచ్చలు, ముడుచుకున్న వేళ్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వేశాడు. ఆ వేళ్ల మధ్య మాత్రం కుంచె పెట్టాడు. డ్యూటీలో నేను ఏడవను. ఆరోజు ఏడ్చాను.

బొమ్మలు కిడ్నీలను బాగుచేయవు. మనిషి కాసేపు రోగి కాకుండా ఉంటాడు, అంతే. అదేమీ చిన్న సంగతి కాదని గున్నయ్య వల్ల తెలిసింది. ఇప్పుడు ఫిస్టులాకు పంపేముందు ప్రతి ఒక్కరినీ నేనే అడుగుతాను, ఏ చేత్తో తింటావని కాదు, ఏ చేత్తో పని చేస్తావని. మొన్న జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకామె రెండు చేతులూ నా ముందు పెట్టింది. జీడిపిక్కల పెంకుల రసానికి రెండూ ఒకేలా నల్లబడి ఉన్నాయి. ఆపరేషన్ కాగితంలో ఏ చెయ్యని రాయాలో తెలియక పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను.