తొక్కకూడని ముగ్గు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం అనుకోకు బుజ్జమ్మా. నువ్వు అప్పటికి పలక మీద అక్షరాలు దిద్దుతున్నావు, అంతే. ఫోన్లు వచ్చేశాయి గానీ అవి ఇంకా మనం చెప్పినట్టు వినేవి, ఇప్పట్లా మనమే వాటి మాట వినే రోజులు రాలేదు. నాకు యాభై దాటాయి. దాటితే ఏం లాభం? నేను చూసిన ప్రపంచం ఇటు విజయనగరం, అటు శ్రీకాకుళం, మధ్యలో మన చీపురుపల్లి. ఒకసారి అరకు చూద్దామని బయల్దేరితే శృంగవరపుకోటలో బస్సు చెడిపోయి వెనక్కి వచ్చేశాం. ఆ లెక్కన చూస్తే నాది అప్పటికి పసితనమే. అలాంటి దాన్ని తీసుకెళ్ళి ఒక్కసారిగా జపాన్లో పడేశారు. అదీ అందరూ వెళ్ళే జపాన్ కాదు, జపాన్ వాళ్ళే పెద్దగా వెళ్ళని జపాన్. (నవ్వకు. నవ్వుతూ రాస్తే అక్షరాలు వంకరపోతాయి. ఇంకో మాట. నేను 'సెప్పాను' అన్నచోటల్లా నువ్వు 'చెప్పాను' అని రాస్తున్నావని నాకు తెలుసు. రాసుకో. మీ తాత మాటలు, అప్పట్లో నేనన్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాయి. ఆయన్ని దిద్దడం ఇన్నేళ్ళలో నా వల్లే కాలేదు.)

మీ తాతకి స్టేషను రోడ్డులో మోటార్లు, దుక్కి యంత్రాలు అమ్మే కొట్టు ఉండేది కదా. ఆ యంత్రాల కంపెనీ జపానుది. బాగా అమ్మిన డీలర్లని భార్యలతో సహా తీసుకెళ్ళి ఫ్యాక్టరీ చూపిస్తామన్నారు. ఆ ఫ్యాక్టరీ షిమానే అనే జిల్లాలో, సముద్రం వారనే ఉంది. ఒట్టి విహారయాత్రే అయితే నేను హాయిగా ఉండేదాన్ని. కానీ దాని వెనక ఒక సంగతుంది. వరి నాట్లు వేసే యంత్రం కొత్తగా వస్తోంది, మన రెండు జిల్లాలకీ దాని ఏజెన్సీ ఎవరికివ్వాలో కంపెనీ పెద్దాయన అక్కడే మనుషుల్ని స్వయంగా చూసి తేలుస్తాడట. అప్పటికే కొట్టుకి ఎదురుగా పెద్ద షోరూము వెలిసి మా బేరాలు సగానికి పడిపోయాయి. "ఇది రాపోతే మరి కొట్టు సెట్టర్ దించీడమేనే" అన్నాడు మీ తాత ఒకరోజు అన్నం ముందు కూచుని. ఆయన అన్నం ముందు అలాంటి మాట అనడం నేను ఎప్పుడూ వినలేదు. మీ నాన్న చేత ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం రాయించుకుని కంఠతా పట్టాడు. విమానంలో కళ్ళు మూసుకుని "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెడితే, పక్క సీటాయన పాపం ఈయన భయపడి దేవుడికి మొక్కుకుంటున్నాడనుకుని బిస్కెట్లు ఇచ్చాడు.

దిగిన ఊళ్ళో రైలు స్టేషనులోనే యాత్రికుల కోసం ఒక ఆఫీసు. గోడ నిండా రంగురంగుల కాగితాలు. ఈ కొండ చూడండి, ఈ గుడి చూడండి, ఈ చెరువులో గవ్వలేరుకుని పులుసు పెట్టుకోండి అన్నట్టు బొమ్మలతో సహా. అన్నీ ఊరికే ఇస్తారట! నేను నిర్ఘాంతపోయి, ఇచ్చే మనిషి మనసు మార్చుకునేలోపు చేతికందినవన్నీ సంచిలో కుక్కాను. ఆ ఆఫీసాయన కోప్పడలేదు సరికదా, మమ్మల్ని చూసి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. మాకు తోడుగా కంపెనీ పెట్టిన దుబాసీ పిల్ల మన విశాఖపట్నం అమ్మాయే. "టూరిస్టులందరూ టోక్యోకే వెళ్తారు, మా ఊరికి ఎవరూ రారు, మీరు వచ్చారు అని సంబరపడుతున్నారమ్మా" అంది. నాకు అచ్చంగా మన చీపురుపల్లే గుర్తొచ్చింది. రైలు ఆగుతుంది, పని లేనివాడు దిగడు. ఆయన మ్యాపు పరిచి, చూడాల్సిన చోట్లన్నీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, బస్సు తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో గానీ రాదని మరీ మరీ చెప్పాడు. ఆ మాట కూడా మన ఊళ్ళో విన్నట్టే అనిపించింది.

మిగతా డీలర్లు హోటల్లో దిగారు, మా ఇద్దర్నీ మాత్రం ఒక పాతకాలపు పూటకూళ్ళింట్లో దింపారు. అక్కడ తగిలింది నాకు మొదటి షాకు. తలుపు తీయగానే ఎనభై ఏళ్ళ పెద్దావిడ, తల ముగ్గుబుట్ట, మోకాళ్ళ మీద కూచుని నుదురు నేలకి ఆనించి మాకు దండం పెట్టింది! మనకన్నా పెద్దవాళ్ళు మనకి దండం పెడితే ఆయుష్షు తగ్గుతుందా తగ్గదా? "అయ్యయ్యో, లెగు పెద్దమ్మా, మా ఆయువు తీసీకు" అని నేను చెప్పులైనా విడవకుండా సాగిలపడిపోయాను. వచ్చిన చుట్టం తనకన్నా కిందకి వంగిందని ఆవిడ ఇంకాస్త వంగింది. నేను ఊరుకుంటానా? ఇంకో దండం. ఆవిడ ఇంకోటి. మీ తాత ఒక కాలి బూటు విప్పి రెండోది చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, "ఒసే, సాలించవే, గోడకి కొట్టుకుంతాది తల" అంటున్నాడు. చివరికి దుబాసీ పిల్ల మా ఇద్దరి భుజాలూ పట్టుకుని లేవదీసింది.

ఆ రోజంతా షాకుల మీద షాకులే. గుమ్మంలో ఒక చెప్పులు, గదిలో వట్టి కాళ్ళు, దొడ్డికి వెళితే వేరే చెప్పులు. మీ తాత ఆ దొడ్డి చెప్పులతోనే భోజనానికి వచ్చేశాడు. (ఇది రాయకు. రాసేశావా? సరే ఉంచు.) పెద్ద గుడికి తీసుకెళితే గుమ్మానికి వేలాడుతున్న గడ్డి మోకు చూసి నోరు తెరిచాను. ఏనుగు నడుమంత లావు, అంతా మన వరిగడ్డే! "మనం ఆవులకేసీదాన్ని ఈలు దేవుడికి కడతన్నారే" అన్నాడు మీ తాత. అన్నిటికన్నా నాకు మనసులో పడింది రాత్రి భోజనం దగ్గర జరిగిన సంగతి. చాప మీద ఒక్క మెతుకు పడింది. పెద్దావిడ ఆ మెతుకుని వేలితో అద్ది తీసుకుని నోట్లో వేసుకుంది. ఒక్కటంటే ఒక్క మెతుకు. మా అమ్మ గుర్తొచ్చింది నాకు.

అప్పుడే దుబాసీ పిల్ల చల్లగా చెప్పింది, "రేపు పొద్దున్న కంపెనీ పెద్దాయన ఇక్కడికే ఫలహారానికి వస్తున్నారు. చాలా పద్ధతైన మనిషి. ఇంట్లో ఏ వస్తువూ కదపకండి, ఏ హడావుడీ చేయకండి."

"ఇన్నావా?" అన్నాడు మీ తాత నా వైపు తిరిగి. "నువ్వు నోరెత్తకు, కాలు కదపకు. కొట్టు నీ సేతిలో ఉన్నాది."

"నానేటి సేస్తాను బావా?" అన్నాను. (మీ తాత నాకు మేనబావ. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే.)

నిజంగా ఏమీ చేయకూడదనే అనుకున్నాను. కానీ మేం బయల్దేరే ముందురోజే నెలగంట పెట్టారు, సంక్రాంతి ముగ్గుల నెల మొదలైంది. పెళ్ళయిన దగ్గర్నుంచి నెలగంట పెట్టాక నా వాకిలి ముగ్గు లేకుండా తెల్లవారలేదు. తెల్లవారగట్ల లేచి తలుపు తీస్తే ఊరంతా మంచు. నేను సినిమాల్లో తప్ప ఎక్కడా చూడని మంచు, చెట్ల మీద, కప్పుల మీద. చూరు కింద మాత్రం నల్లరాతి పలకలు నున్నగా, పొడిగా, ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చూసేసరికి నా చేతులు నా మాట వినలేదు. పెద్దావిడ అప్పటికే వంటగదిలో ఉంది. నేను వెళ్ళి గుప్పెడు బియ్యం చూపించి, తిరగలి తిప్పుతున్నట్టు చేయి తిప్పాను. ఆవిడ నవ్వి గిన్నెడు బియ్యప్పిండి ఇచ్చింది, ఏ రొట్టో కాల్చుకుంటానని కాబోలు. పేడ కళ్ళాపి లేకపోవడం ఒక్కటే లోటు. నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి మెలికల ముగ్గు ఎత్తుకున్నాను, మధ్యలో తామరపువ్వు, గుమ్మం ఈ చివర నుంచి ఆ చివర దాకా. వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ ఒక్క చుక్క తప్పలేదు. నల్లరాయి మీద తెల్లపిండి, పక్కన మంచు. నేనే కాసేపు చూస్తూ ఉండిపోయాను.

లోపలికొచ్చి ఇలా కూచున్నానో లేదో, గుమ్మం వైపు నుంచి "హా" అని ఒక కేక. వెళ్ళి చూద్దును కదా, పెద్దావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని శిలలా నిలబడింది. నన్ను చూసింది, ముగ్గు చూసింది, గబుక్కున తలుపు మూసేసింది. ఎవరికో ఫోను చేసి గుసగుసలాడింది. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టింది. ఒక అట్టముక్క మీద ఏదో రాసి దానికి వేలాడదీసింది. ఇంట్లో ఉన్న మిగతా మనుషుల్ని ఒక్కొక్కర్నీ వంటింటి తలుపులోంచి బయటికి పంపిస్తోంది. ఒక్క మెతుకు కింద పడితే ఏరుకుతిన్న మనిషి! ఆవిడ ప్రేమగా ఇచ్చిన పిండి గిన్నెడూ నేను నేల పాలు చేశాను!

మీ తాత లేచొచ్చాడు. తాడు చూశాడు, అట్టముక్క చూశాడు, పిండి అంటిన నా వేళ్ళు చూశాడు. "ఏటి సేసీసినావే?"

"ముగ్గేసాను."

"కొంప ముంచీసినావు కదే! గుమ్మమే మూసీసారు! ఆ అట్ట మీద ఏటి రాసారో, ఏటో!" అని అక్కడే కూలబడ్డాడు. "పెద్దాయన ఒచ్చీ యేలకే!"

అనడమేమిటి, కారు వచ్చి ఆగనే ఆగింది. కిటికీలోంచి చూస్తున్నాం. నల్లకోటు వేసుకున్న పెద్దాయన దిగాడు, గుమ్మం దగ్గరికి వచ్చాడు, అట్టముక్క చదివాడు, టోపీ తీశాడు. టోపీ తీయడం చూసి మీ తాత "అయిపోనాది" అన్నాడు. తర్వాత ఆయన ఇల్లు చుట్టూ తిరిగి, వంటింట్లో వేలాడుతున్న ముల్లంగి దుంపల కింద నుంచి నడుం వంచి, దొంగలా లోపలికొచ్చాడు. అంత పెద్ద కంపెనీ మనిషిని నేను పెరటి దారిన రప్పించాను! ఆయన వెనకే స్టేషను ఆఫీసాయన, మెడలో కెమెరా. పోలీసులకి సాక్ష్యం కోసం ఫొటోలనుకున్నాను నేను. (నిజమే, అలాగే అనుకున్నాను. నువ్వుంటే నువ్వూ అలాగే అనుకుందువు.)

దుబాసీ పిల్ల రాగానే చేయి పట్టుకున్నాను. "అమ్మా, పిండి ఖరీదు ఇచ్చీస్తాం, కడిగీస్తాను, ఆ అట్ట మీద ఏటి తిట్టినారో సెప్పీ."

ఆ పిల్ల అట్ట చదివి నా మొహంలోకి చూసింది. "తిట్టలేదమ్మా. 'ఇంత అందమైనదాన్ని తొక్కకండి, దయచేసి వెనక తలుపులోంచి రండి' అని రాశారు. ఫొటో తీయడానికి ఆఫీసాయన్ని పిలిచింది కూడా ఈవిడే."

ఇప్పుడు అసలు షాకు నాకు. "తొక్కకూడదా? ఓలమ్మ! తొక్కడానికే కదా ఏస్తాం!" అని, మీ తాత "ఒసే, ఒసే" అంటూనే ఉన్నాడు, నేను తాడు ఎత్తి, వట్టి కాళ్ళతో ముగ్గు నడిమధ్య నుంచి తామరపువ్వు మీదుగా మంచు దాకా నడిచి వెనక్కి తిరిగాను. వాళ్ళందరూ ఒక్క గొంతుతో "హా" అన్నారు. పెద్దావిడ కళ్ళు మూసేసుకుంది. ఆఫీసాయన కెమెరా వదిలేశాడు, పాపం మెడలో ఉండబట్టి పడలేదు. నేనేదో పసిపిల్లని తొక్కినట్టు చూశారు బుజ్జమ్మా.

"మరి చెరిగిపోదా అని అడుగుతున్నారు" అంది దుబాసీ పిల్ల.

"సెరిగిపోతాది. రేపు మళ్ళీ ఎయ్యనా?"

పెద్దాయన అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. రోజూనా అన్నాడట. రోజూ అన్నాను. ఆయన మీ తాత వైపు తిరిగాడు. నాట్ల రోజుల్లో రైతు పొలంలో యంత్రం ఆగిపోతే మీరేం చేస్తారని అడిగాడు. మీ తాత లేచి నిలబడ్డాడు. "రెస్పెక్టెడ్ సర్" అన్నాడు. అంతే. మిగతాదంతా ఆవిరైపోయింది. నోరు తెరిచి నా వైపు చూశాడు. నేనేం చెప్పను, నాకేమొచ్చు? చివరికి వేలు పెట్టి నన్ను చూపించి, ముగ్గు చూపించి, తన గుండె మీద చేయి వేసుకుని అన్నాడు, "షి డైలీ. మి ఆల్సో డైలీ."

దుబాసీ పిల్ల దాన్ని అనువాదం చేయలేదు. పెద్దాయన బూట్లు వంటింటి గుమ్మంలోనే విడిచాడు కదా, వంగి ప్యాంటు అంచులు పైకి మడిచాడు. నల్లమేజోళ్ళతో ముగ్గులోకి ఒక అడుగు వేశాడు, నిప్పుల మీద నడిచినట్టు ఇంకో అడుగు, ఇంకో అడుగు, ఇవతలికి వచ్చి తన తెల్లటి పాదాలు చూసుకుని పకపకా నవ్వాడు. ఆయన వెనక పెద్దావిడ నా చేయి పట్టుకుని మునివేళ్ళ మీద వచ్చింది. మర్నాడు మళ్ళీ వేశాను. ఆవిడ నా పక్కన కూచుని చుక్కలు పెట్టింది. అందులో సగం దారి తప్పాయి, నేను మెలికలతో సర్దేశాను.

ఏజెన్సీ వచ్చింది. కొట్టు నిలబడింది. తన ఇంగ్లీషు వల్లే వచ్చిందని మీ తాత ఇప్పటికీ అంటాడు. (పక్కగదిలోంచి "కాదేటి?" అంటున్నాడు, వినబడిందా? అదీ రాయి.) మరుసటి ఏడు స్టేషను ఆఫీసాయన పోస్టులో ఒక రంగుల కాగితం పంపించాడు, యాత్రికులకి ఊరికే ఇచ్చేది. గుడి, చెరువు, గడ్డి మోకు, వాటి మధ్యలో నా ముగ్గు. నిండుగా ఉన్నప్పటి ఫొటో కాదు, అందరం తొక్కేశాక తీసింది. నా వట్టి పాదాల గుర్తులు, పెద్దాయన మేజోళ్ళవి, పెద్దావిడ మునివేళ్ళవి. మీ తాత దాన్ని కొట్టు బల్ల మీద అద్దం కింద పెట్టి, నాట్ల యంత్రం కోసం వచ్చిన ప్రతి రైతుకీ ముందు అది చూపించి గానీ బేరంలోకి దిగేవాడు కాదు.

నిన్న పొద్దున్న మన వాకిట్లో నువ్వు ముగ్గు వేశావు. మొదటిసారి కదా, చుక్కలు ఎటు పడితే అటు పోయాయి, తామరపువ్వు క్యాబేజీలా వచ్చింది. పాలవాడు వీధిలోంచి కేకేస్తే నేను మోకాళ్ళు పట్టుకుని పెరటి తలుపులోంచి ఇల్లంతా చుట్టి వచ్చాను. "ఇటు నుంచి రావచ్చు కదా నానమ్మా" అన్నావు. పెరట్లో పనుందని చెప్పాను. తొక్కడానికే వేస్తామని జపాన్ వెళ్ళి మరీ వాళ్ళకి నేర్పించి వచ్చిన దాన్నే. పెరట్లో నాకు పనేమీ లేదు బుజ్జమ్మా.