నిప్పుకు కాపలా

సిత్రాలో చమురు ట్యాంకుల దగ్గర కిషన్‌ది ఫైర్ వాచ్ డ్యూటీ. వెల్డింగు సాగినంతసేపూ మంటలార్పే సిలిండరు పట్టుకుని రవ్వల మీద కన్నేసి ఉంచాలి. గాలి లేస్తే పని ఆపించాలి. ఆపమని ఎన్నిసార్లు చెప్పినా ఫోర్‌మన్ జయకర్ చెవిన పెట్టడు. జగిత్యాల నుంచి గల్ఫుకు వచ్చి ఏళ్లయినా కిషన్‌కు ఆ కోపం చల్లారలేదు.

శుక్రవారం వెల్డర్ టోక్పాతో సీఫ్‌లోని మాల్‌కు వెళ్లాడు. టోక్పాది లైబీరియా, దాన్ అనే తెగ. ఒక కొట్టు గోడకు కొయ్య ముసుగు వేలాడుతోంది. గుండ్రటి కళ్లు, చుట్టూ ఎర్రగుడ్డ. సరిగ్గా దాని కిందే నిప్పుల మీద సాంబ్రాణి వేసి పెట్టారు.

టోక్పా పళ్లు కొరికాడు. వాళ్ల ఊళ్లో అది నిప్పుకు కాపలా ముసుగట. ఎండాకాలం గాలి లేచే వేళకు అది ఇల్లిల్లూ తిరుగుతుందట, పొయ్యి ఆర్పనివాళ్లను తరిమి కొడుతుందట. దాని వెనక ఎవడున్నాడని ఊరిపెద్ద కూడా అడగడట.

"కింద నిప్పులు తీసెయ్ భాయ్," అన్నాడు కిషన్.

"షోపీసే కదా," అని కొట్టువాడు నవ్వాడు. కిషన్‌కు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ట్యాంకుల మధ్య గాలి లేచింది.

"పని బంద్ చెయ్యుండ్రి."

"ఇంకొక్క అతుకేగా," అన్నాడు జయకర్. "అయినా నాకు చెప్పడానికి నువ్వెవడివిరా?"

కిషన్ సిలిండరు పిన్ను పీకి, రవ్వలు చిమ్ముతున్న చోట పొడి కొట్టాడు. జయకర్ బూట్లు తెల్లబడ్డాయి.

"నేనెవ్వన్నయితే నీకేంది? నా మొకం కాదు, మంటను చూడు."