మీటరు తీగ

“ఏవే, ఆ మీటరుకి సుట్టిన తీగ ఇప్పకే.”

“నానెందుకు ఇప్పుతాను బావా? టైమైపోతంది, ఎల్లు.”

మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు ఇవే. అప్పటికే ఆ తీగ విప్పేశాను. బెల్లం డబ్బా మూత నిలవక చీమలు పడుతుంటే, దాంతో బిగించి కట్టాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇదంతా నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది.

మా ఆయన అనకాపల్లిలో ఒక చిన్న కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అటెండరు. విశాఖపట్నంలో పెద్ద కాలేజీవాళ్లు తమ పాత సామాను వీళ్లకి దానంగా లారీలో పంపారు. సగం పనికిరానివే. మా ఆయన కరెంటు కొలిచే మీటర్లు, చచ్చినవి మూడు విప్పి, ఒకదాని ముల్లు, ఒకదాని లోపలి తీగచుట్ట, ఒకదాని అద్దం కలిపి ఒక మంచి మీటరు చేసేవాడు.

“ముగ్గురు ముసిలోళ్లని కలిపి ఓ పెళ్లికొడుకుని సేసేను, సూడు!”

“మరి నీ మోకాళ్లకేటీ దొరకలేదా ఆ లారీలో?” అనేదాన్ని.

అలా చేసిన ఆఖరిది ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. కరెంటు తీగలు తగిలించే దాని రెండు మరలనీ కలిపి తీగ చుట్టకపోతే ముల్లు ఊగి ఊగి పాడవుతుందని పదిసార్లు చెప్పాడు. నా కంటికది చెత్త తీగ. సాయంత్రం ఆయన వచ్చేలోగా మళ్లీ చుట్టేద్దాంలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఆయన కాలేజీ మెట్ల మీద కూలబడి మరి లేవలేదు.

దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. గూటి ముందు అడుగు వేస్తే చాలు, అద్దం వెనక ముల్లు వణికేది. నిలబడితే ఆగేది. బిందె దించినా వణికేది. “సుట్టేను బావా, సుట్టేను” అని దానికీ అబద్ధమే చెప్పాను. చుడితే ఆయన వెళ్లిపోతాడని భయం. చుట్టకపోతే ఆయన చేసింది పాడవుతుందని భయం. తీగ డబ్బాకే ఉండిపోయింది.

పిల్లల పరీక్షలకి మీటరు కావాలని ఆయన కాలేజీ నుంచి లెక్చరరమ్మ వచ్చింది.

“తీగ ఏదమ్మా? ఇన్నాళ్లూ ఇలాగే ఉందా?”

“నానే తీసేనమ్మా. ఆయన ఇప్పకే అంటే, అప్పటికే తీసీసి కూడా నానెందుకు ఇప్పుతానన్నాను.”

ఆ మాట అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డబ్బా తెచ్చి, తీగ విప్పి, నా చేత్తోనే రెండు మరలకీ చుట్టాను. తీగకి బెల్లం జిగురు ఇంకా ఉంది. గూటి ముందు నడిచాను. ముల్లు కదల్లేదు. కాలు గట్టిగా వేసి మళ్లీ నడిచాను.

లెక్చరరమ్మ మీటరు పట్టుకెళ్లిపోయింది. గూటి దగ్గర నేను ఇప్పటికీ మెల్లగానే అడుగేస్తాను.

ఏవే పిల్లా, రాసేవా? నా అబద్ధం మార్చీలేదు కదా? ఏదీ, మీ మావ మాట కాణ్ణుంచి ఓపాలి సదువు.